మూడో అంకె

ముహర్రక్‌లో మా షెడ్డు ముందు పికప్ ఆగింది.
నలుగురం పట్టినా లేవలేదు.
"మహాగని" అన్నాడు జాసిమ్ సేఠ్,
పెళ్ళికూతురి పేరు చెప్పినట్టు.
నూట నలభై ఏళ్ళదట.
ఓడలో వచ్చిందట,
ఎవరో దొర సముద్రం లోతులు గీసిన బల్లట.
'ట'లన్నీ ఆయనవి.
నాకు తెలిసింది కట్టె ఒక్కటే.

చెయ్యి వేసి చూశాను.
నిద్రపోతున్న గొడ్డు వీపులా ఉంది.
పై పలక లేస్తుంది,
కింద ఇత్తడి పళ్ళ పట్టీ,
పంటికొక వాలు.
టక్. టక్. టక్.
నాలుగో పన్ను అరిగిపోయింది.
అంటే ఆ మనిషి ఎప్పుడూ
నాలుగో పంటి మీదే బల్లను నిలిపి గీశాడు.
సిరా మరకలన్నీ ఎడమకే,
పురచేతి వాటం కావచ్చు.
పేరు తెలియదు గానీ
వారం తిరిగేసరికి
ఆయన కూర్చునే తీరు నాకొచ్చింది.

"మరకలు తుడవకు, డబ్బులు వాటికే.
కొనేవాడు పగుళ్ళు లెక్కబెట్టి కొంటాడు.
కొత్త చెయ్యి పడ్డట్టు తెలిసిందా, సగం ధర."

కొత్త చెయ్యి నాదే.
కాబట్టి నా పనంతా
నేను లేనట్టు చెయ్యడం.

కింది సొరుగు ముప్పావు వచ్చి మొరాయించింది.
ఉప్పుగాలికి ఉబ్బిందనుకొని బోర్లిస్తే
అడుగు చెక్క మహాగని కాదు.
చిత్రిక తగలగానే వాసన.
టేకు.
కోరుట్లలో పొట్టు కుప్ప మీద బోర్లాపడి
ఎక్కాలు అప్పజెప్పిన రోజుల వాసన.

ఎవరో మార్చారు, ఎప్పుడో.
గోరు పట్టని అతుకు.
మూలన ఉలి మొనతో గీరిన ఒక అంకె:
౩

మొఫిజుల్ పాలిష్ గుడ్డ పక్కన పెట్టి చూశాడు.
"అరబీ మూడు. తోక చెరిగింది."
కావచ్చు.
రోజూ బండ్ల నంబర్ల మీద చూసేదే.
కానీ మా తాత
దర్వాజా ముక్కలు కలిపేటప్పుడు
సుద్దతో ఇట్లాగే గీసేవాడు,
మాకు బడిలో నేర్పని అంకెలు.
ఎట్లా చూసినా మూడే.
ఎవరి మూడో, అదే తెలియదు.

కోరంగి రేవులో ఓడలు కట్టేవాళ్ళట ఒకప్పుడు.
(ఈ 'ట' నాది.)
అందులో ఒక వడ్రంగి
ఈ రేవులో దిగి,
కూలికి ఈ సొరుగు అడుగు బిగించి,
లెక్క తప్పకుండా ఇది మూడోదని గీసుకున్నాడేమో.
లేదా ఈ వీధి అరబ్బే ఎవరో.
ఎవరైతేనేం,
పని మాత్రం మా పనే.

సేఠ్‌కు చెప్పాను.
"టేకా? రంగేసెయ్" అన్నాడు
చెవి నుంచి ఫోన్ తియ్యకుండా.

రాత్రి స్పిరిట్‌లో లక్క నానేసి,
ఎర్ర రంగు కలిపి,
టేకును మహాగని చేశాను.
మూడు పూతలకు చారలు మునిగాయి.
అతన్ని కూడా లేనట్టు చేశాను.
అంకె దగ్గర మాత్రం గుడ్డ ఆగింది.
ఆ గోరంత చోటు వదిలేశాను.

బల్ల కదులుతుందో లేదో తేలాలంటే
దాని మీద ఏదైనా రాయాలి.
పలకను నాలుగో పంటికి నిలిపి
ఓవర్‌టైమ్ కాగితం పరిచాను.
పేరు: వడ్ల లింబాద్రి.
ఇక్కడ అందరూ నజ్జార్ అనే పిలుస్తారు,
రాసేసరికి నాకే కొత్తగా ఉంది.
గంటలు: పదకొండు.
కింద జాగా మిగిలితే
ఉల్లిగడ్డ, కందిపప్పు, ఫోన్ కార్డు,
మొఫిజుల్‌కు రెండు దీనార్లు బాకీ.
బల్ల కదల్లేదు.
దొర లోతులు గీసిన చోట
కందిపప్పు సున్నా గుండ్రంగా వచ్చింది.

పొద్దున సేఠ్ చీటీ అంటించాడు:
మరమ్మతు, లేదు.

పెట్టెలో దించేముందు
సొరుగు మళ్ళీ బోర్లించాను.
మూడు తర్వాత నాలుగు.
ఎట్లా రాస్తారో గుర్తు రాలేదు.
ఫోన్‌లో వెతికి, చూసి, గీరాను.
వంకరగానే వచ్చింది.

"ఏంటది?" అన్నాడు మొఫిజుల్.
"సొరుగు సరిగ్గా పట్టడానికి" అన్నాను.

తోస్తే
చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయింది.