పేర్ల పద్దు

మా నాయిన సర్వే గొలుసు గుంజినోడు.
దేవరకొండ కాడికెళ్లి డిండి దాకా
చెలకచెలకకు నెంబరు పడ్డదంటే
ఆ ఇనుప చప్పుడు ఆయన భుజం మీదిదే.
నూట నలభై రెండు బై అ, నూట నలభై రెండు బై ఆ.
నెంబర్ల కింద పేర్లున్నయని ఎరుకే.
రాసే గడి లేకుండె.

ఆ గడి నేను గీసుకున్న.
ఎడమ దిక్కు పేరు, కుడి దిక్కు అర్థం.
మేకలెంట ఈదమ్మ ముందు, నేను ఎనుక.

"ఇది బువ్వబండ."
కైకిలోళ్లు సద్ది ఇప్పుకునే పరుపుబండ. రాసిన.
"అది ఎద్దీనిన మడి."
ఎద్దెట్ల ఈనుతది ఈదమ్మా?
"కరణం రాతల ఈనింది.
గాట్లె కట్టెయ్యమన్నడు. మడి పాయె."
నవ్విన. నవ్వుకుంటనే రాసిన.

తోడేలు మలుపు. గంజిదొన.
మూగోని చెలిమె: ఇసుక తోడితె ఇప్పటికీ ఊరుతదట.
బోర్లెండిన యేడు ఊరంత
ఆ మూగోని నోట్లకెళ్లే తాగింది.

లింబెర అంటే?
"లింబెర అంటే లింబెరనే."
మస్తాన్ సాబును అడిగిన, ఉర్దూ గాదన్నడు.
తండాల హర్యాను అడిగిన, మా మాట గాదన్నడు.
కుడి గడి ఖాళీ ఇడిశిన.
మనకంటె ముందు ఈడ ఎవరో మాట్లాడుకున్నరు,
వాళ్లది మిగిలింది ఈ ఒక్క మాట,
నాలుగెకరాల చౌడు.

పడమటి వంపు కాడ ఈదమ్మ ఆగింది.
మేకలు పోతనే ఉన్నయి.
"దీని పేరు గూడ రాస్తవా?"
ఆ పేర్ల ఆమె కులమున్నది,
కులం పక్కన తిట్టున్నది.
ఊరంత పిలిచిందే,
పత్తి ఏరబోయే పోరగాళ్లు
తిట్టని తెల్వక కేకేసిందే.
పెన్నుకు మూత పెట్టిన.
"నువ్వు రాయకుంటె వాళ్లు పిలువనట్టా?
రాయి. రాసి కొట్టెయ్యి.
కొట్టేసినట్టు కండ్లవడాలె."

రాసిన. కొట్టేసిన.
ఒక్క గీత సాలలే.

"పక్కన ఇది పెట్టు, పోశి కన్న వంపు.
మాయమ్మ. కలుపుల ఉండంగ నొప్పులొచ్చినయి.
ఆ తుమ్మ మొదలు, అగో, ఆడ."
మరి అర్థం గడిల ఏం రాయాలె?
కట్టెతోని ఓ మేకను అదిలిచ్చి
"నేనే గాదా" అన్నది.

పొద్దుమూకినంక సదివి వినిపిస్తుంటె
నాయిన కండ్లు మూసుకోని
పేరుపేరుకు నెంబరు జెప్పిండు.
ఎద్దీనిన మడి, నూట తొమ్మిది.
లింబెర, డెబ్బయొకటి. గట్టు ఒంకర, గొలుసు రెండుసార్లు తెగింది.
పోశి కన్న వంపు అన్న.
కండ్లు తెరిశిండు.
"అది యాడ బిడ్డా?
నేను తొక్కని జాగా ఉన్నదా?"
కరెంటు లేదు.
కాలితోని చీకట్ల
చెప్పులు దేవులాడుతుండు.