సున్నా పాయింటు సున్నా

పొద్దున ఎనిమిదిన్నరకి
పాకాల తాసీల్దారాఫీసు వెనక
పాత జీపు తుప్పు పడతా ఉండే మూలలో
దేశమ్మ చెప్పులిడిచి కంచె లోపలికి పోతాది.
గుళ్ళోకి కాదు, వానడబ్బా కాడికి.

గరాటులో రాలిన వేపాకు తీసి
చీమల్ని ఊది
సీసాలోది కొలత గ్లాసులోకి వంచి
కంటి మట్టానికి ఎత్తి పట్టుకుంటాది.
ఒక కన్ను మూస్తాది.
అంతసేపూ ఊపిరి కూడా తీసుకోదు.
తర్వాత కిటికీలోంచి అరుస్తాది:
"సున్నా పాయింటు సున్నా, రాసుకో సామీ!"

నేను కంప్యూటర్లో కొడతా.
జులై పదకొండు, సున్నా.
జులై పన్నెండు, సున్నా.
కొట్టీ కొట్టీ ఆ మీట మీద అంకె అరిగిపోయింది.

ముప్పై ఆరువేల కిలోమీటర్ల పైన
మన డబ్బుల్తో చేసిన కన్నొకటి
రెప్పెయ్యకుండా చూస్తా ఉండాదంట.
అరగంటకోసారి
మన నెత్తి మీది మబ్బుల పటం తీసి పంపిస్తాదంట.
ఆ పటంలో మా మండలం
గోరు మీది తెల్లమచ్చంత కూడా లేదు.

ఒకరోజు హైదరాబాదు నుంచి ఫోను.
"శాటిలైటు పన్నెండు మిల్లీమీటర్లు చూపిస్తోంది,
మీరు సున్నా అంటారేమండీ?"
స్పీకర్లో పెట్టినా.
దేశమ్మ గ్లాసు తలకిందులు చేసి
ఫోను మీద పట్టుకునింది.
ఒక్క చుక్క రాల్లేదు.
"చూసుకోమను" అనింది.

అవతల కాసేపు మాట లేదు.
తర్వాత ఆ పిల్లోడే గొంతు తగ్గించి
వాన మబ్బులోంచి దిగతాది గానీ
నేల అందుకునే లోపల గాలి తాగేస్తాదని చెప్పినాడు.
దానికి వాళ్ళ దగ్గర ఏదో పేరుందంట.
దేశమ్మ కూడా ఒకటి పెట్టింది:
"ఓట్ల వాన."

ఆగస్టులో చెనక్కాయ పూత మాడింది.
ఇరవై ఎనిమిది రోజులు వరసగా తడి లేకుంటే
బీమా వస్తాదని ఊళ్ళో లెక్క.
రెండున్నర మిల్లీమీటర్లు పడితే తడి కిందికే వస్తాది.
ఇరవై ఏడో రాత్రి
నేండ్రగుంట దిక్కు ఉరిమింది.

తెల్లారి గేటు కాడ పదిమంది.
ఎవురూ గట్టిగా అడగలా.
"వంచెయ్యి మే, ఎవురు చూసొచ్చినారు?"
అన్నాడు దొరసామి, నేల చూస్తా.
దేశమ్మకీ ఉండాయి రెండెకరాలు
ఆ గుట్ట కిందనే.

చెప్పులిడిచింది.
ఆకు తీసింది, చీమల్ని ఊదింది.
గ్లాసు ఎత్తింది.
ఈ తూరి రెండు కళ్ళూ తెరిచే పెట్టుకునింది.

రెండు పాయింటు ఆరు.

నా వేలు మీట మీద నిలబడిపోయింది.
నాలుగు అని కొడితే
పైనున్నదానికేం తెలుస్తాది?
ఆమె కిటికీ ఊచలు పట్టుకోని ఉండాది.
"కొట్టు సామీ.
రేపు నిజంగా ముంచుకొస్తే
మన మాట అది నమ్మాల గదా."

కొట్టినా.
దొరసామి ఎనుముల్ని అమ్ముకున్నాడు.
ఆమెకి టీ అంగట్లో ఎవురూ జరిగి చోటియ్యలా,
ఉగాది దాకా.

చలికాలంలో ఆ హైదరాబాదు పిల్లోడే వచ్చినాడు
డబ్బా తనిఖీకి.
సెల్లులో సుడి తిరిగే మబ్బులు చూపించినాడు.
అంతా విని దేశమ్మ ఒకటే అడిగింది:
"ఆడ ఆకులూ చీమలూ లేవు, సరే.
దాని అద్దం మసకేస్తే ఎవురు తుడుస్తారు నాయనా?"
నవ్వబోయి, గ్లాసు తుడస్తా ఉండే ఆమె కొంగు చూసి
ఆగిపోయినాడు.
"మీరేనమ్మా" అన్నాడు.

ఆమెకి అర్థం కాలా.
జీతం ఎప్పుడు పెంచుతారో కనుక్కోమని
నా మోచేతి మీద గిల్లింది.