రెండున్నర అంగుళాలు

ఎండ ఇంకా బిగ్‌హార్న్ కొండల మీదే ఉంది,
ఊళ్లోకి దిగలేదు.
బండి కన్నా ముందు చప్పుడొచ్చింది.
టక్.
గేటు దగ్గర ఇనప కడ్డీల జాలీ దాటుతుంటే
మళ్లీ, టక్ టక్,
అరిగిన మోకాలు మెట్లెక్కుతున్నట్టు.

"ఏం చేశావు దీన్ని?" అన్నాను.
"ఏం చెయ్యలేదే" అన్నాడు బెన్యాట్ ఎచార్ట్.
చేసినవాళ్లంతా అదే అంటారు.

కంపెనీ వాడు దాన్ని ముందుకు వంచే పంపాడు,
ముక్కు కిందికి, తోక పైకి,
వాగులో నీళ్లు తాగే గొర్రెలాగ.
పక్క పొలం కుర్రాడి పికప్ మాత్రం
బద్ద పెట్టి గీసినట్టు నిలబడేది.
అది చూసిన రోజు నుంచీ
తన బండి ఎవరికో దండం పెడుతున్నట్టు
కనిపించిందట ఇతనికి.

ఆదివారం, చర్చి అయ్యాక,
అరువు తెచ్చిన జాకీ మీద
ముందు స్ప్రింగుల నెత్తిన చెరో అల్యూమినియం బిళ్ళ.
రెండున్నర అంగుళాలు.
తర్వాత అలైన్‌మెంట్ చేయించమని
పెట్టెలో ఒక కాయితం ఉంది.
పొయ్యి అంటించడానికి పనికొచ్చింది.

మూడు రోజులు రాజసం.
రాత్రిళ్లు ఎదురొచ్చే ప్రతి బండీ
లైట్లు ఆర్పి వెలిగిస్తుంటే
ఎంత మర్యాదస్తులో అని చెయ్యి ఊపాడు.
వెనక ఎండుగడ్డి బరువుకి తోక కుంగి
నీ దీపాలు చుక్కల్ని వెతుకుతున్నాయయ్యా అని
నాలుగో నాడు మైటె చెప్పింది, వాళ్లావిడ.

లిఫ్టు మీదికి ఎత్తాను.
చక్రాలు వేలాడాయి.
ఇదిగో, పై కంట్రోల్ ఆర్మ్ స్ప్రింగుని రాసుకుంటోంది,
రంగు పోయి ఇనుము మెరుస్తోంది చూడు.
ఇది బాల్ జాయింట్,
మెడ చివరిదాకా తిప్పేసింది,
ఇంక తిప్పుకోడానికి చోటు లేదు.
యాక్సిల్ బూటు చిట్లింది. ఈ నలుపంతా గ్రీజు.
టైరు కొత్తదే అంటావా,
లోపలి అంచు మీద చెయ్యి పెట్టు.

పెట్టాడు. తీగ గుచ్చుకుంది.
అరవై రెండేళ్ల మనిషి
వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"మరి కంపెనీ వాడు వంకరగా ఎందుకు చేశాడు, లీథా?"

"వంకర కాదు.
అది బరువుకోసం అట్టేపెట్టిన చోటు.
గడ్డి నింపితే సమంగా ఉండేదే కదా, ఎప్పుడైనా దిగి చూశావా?
నువ్వు ఖాళీ బండిని సమం చేశావు."

ఆ మాట అన్నాక నాకే కొంచెం ఎక్కువనిపించింది.
రేటు చెప్పాను.
కొత్త ఆర్ములు వేస్తే ఎత్తు ఉంచుకోవచ్చు,
పదకొండు వందల డాలర్లు, పైన టైర్లు.
బిళ్ళలు పీకేస్తే సగం.

అతను రేటు వినడం లేదు.
షెడ్డు గుమ్మంలో కుక్క కూర్చుని ఉంది.
బెల్ట్‌సా. పదమూడేళ్లు. తుంటి అరిగిపోయింది.

"ఇదివరకు ముందు కాళ్లు సీటు అంచున వేసేది,
తర్వాత ఎలాగో ఎక్కేది.
ఇప్పుడు తలుపు తీస్తే
నా మొహంలోకి చూస్తుంది.
ఎత్తి కూర్చోబెడితే
ఇల్లు చేరేదాకా కిటికీ వైపు తిరిగే ఉంటుంది."
కాసేపు ఆగి,
"తీసెయ్" అన్నాడు.

సాయంత్రానికి బాల్ జాయింటు మార్చాను, బూటు మార్చాను,
చక్రాల్ని దారికి తెచ్చాను.
పెద్ద చప్పుడు పోయింది.
చిన్నదొకటి మిగిలింది,
ఎక్కడ్నుంచో నాకూ అంతు పట్టలేదు,
దానికి డబ్బు తీసుకోలేదు.

తలుపు తీశాడు.
బెల్ట్‌సా ముందు కాళ్లు వేసి
అక్కడే ఆగింది.
అతను కొండల వైపు తిరిగాడు,
అక్కడేదో పనున్నట్టు.
నేను గాలి గొట్టం చుట్టుకుంటూ ఉండిపోయాను.

గోళ్లు గీసుకున్న చప్పుడు.
సీటు స్ప్రింగు మూలిగిన చప్పుడు.

అప్పుడు తిరిగి చూశాం.

బండి ముక్కు దించుకుని గేటు దాటింది.
టక్, అంది, మెల్లగా.
బిళ్ళల్లో ఒకటి ఇక్కడే ఉంది,
నా బిల్లుల మీద,
గాలికి ఎగరకుండా.