మూడో అంతస్తు దయ్యం

హన్మకొండల ఆడపిల్లల హాస్టల్, వంటమనిషిని నేను.
నూట పన్నెండు మంది పోరీలు,
ఒక్కదానికి కూరగాయ గిట్టది.
పళ్లెం అంచుకు తోసిన క్యారెట్ ముక్కలు
రోజూ బర్రె కుడితిలకే పోతయి.

వానలు పడ్డంక కొత్త ముచ్చటొకటి లేసింది:
మూడో అంతస్తు బాత్రూంల దయ్యమున్నదట,
నల్లా దానంతటదే ఇప్పుకుంటదట,
పాదాలు ఎనుకకు తిరిగుంటయట.
రాత్రయితే గుంపు కట్టి పోతున్నరు,
చెంబు చప్పుడైనా కెవ్వుమంటున్నరు.

సరే, చూపిస్త మీకు దయ్యాన్ని, అనుకున్న.

శనివారం పొద్దుగాల ముల్లంగులు గీకిన.
సిర్కాల, ఉప్పుల, దంచిన ఎల్లిపాయల,
నిమ్మరసం పిండి పొద్దూకేదాక నానబెట్టిన.
నిమ్మకాయంటే దయ్యాలకు హడలంటరు గద,
నావి అందులనే ఈత కొట్టినయి.

మిరియాలు గుచ్చి కండ్లు,
ఉల్లిగడ్డ సన్నగ చీరి విరబోసిన జుట్టు,
కీరముక్క నడుము,
క్యారెట్ పాదాలు, మడిమలు ముందుకు.
బీట్రూట్ నానిన నీళ్లు చుట్టూ పోస్తే
నాకే ఒళ్లు జల్లుమన్నది.
నాలుకకేమో ఎనుమాముల నుంచి తెచ్చిన చపాటా మిర్చి:
చూస్తే నిప్పు, కొరికితే ఏమనది.
మా అత్త దానికి పూర్తిగ ఉల్టా.

లైట్లు బంద్ చేసి, మైనంబత్తి ముట్టించి
పళ్లాలు ముందట పెట్టిన.
ఒక్క అరుపు!
వాచ్‌మన్ ఎల్లాద్రి కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు.

చీకట్ల ఎవరో కరకర నమిలిర్రు.
"పుల్లగున్నదే దయ్యం," ఝాన్సీ గొంతు.
ఇగ చూస్కో,
తలకాయ నాకు, కాలు నాకు,
నాలుక నేను ముందే అడిగిన.
ఇంతమంది రాక్షసులకా
ఇన్నాళ్లు నేను వండి పెట్టింది!

తాడ్వాయి పిల్ల కుంజ శ్రీలత ఒక్కతి తినలే.
తన వంతు దయ్యాన్ని గిన్నెల ఏసుకొని
మెట్లెక్కింది, ఒక్కతే.
బాత్రూం కిటికీ గట్టు మీద పెట్టొచ్చింది.
ఏందే అంటే,
"అందరు దాన్ని చూసి ఉరుకుతరు గని
తిన్నవా అని ఎవరన్న అడిగిర్రా?"

తెల్లారి గిన్నె ఖాళీ.
ఎల్లాద్రి మీసాలు చూసిన, ఎరుపు లేదు.
కాకి అందామంటే కిటికీకి జాలీ ఉన్నది.
గిన్నె అడుగున రెండు మిరియాలు,
ఇంత సిర్కా వాసన.

నేనెవర్నీ అడగలే.
శనివారం శనివారం
నూట పదమూడు చేస్తున్న.