తడిబట్ట

నాందేడు డాక్టరు మా ఇల్లు చూడలే.
బిడ్డ వీపు మీద గొట్టం పెట్టి విన్నడు,
విని, మూలమూలా తిరిగొచ్చినట్టు చెప్పిండు:
ఝాడూ నకో. ఓలా కపడా.
చీపురొద్దు, తడిబట్ట.
పరుపొద్దు, బొంతొద్దు, దూది దిండు అసలే వద్దు.
ఆఖరికి అడిగిండు, మీరేం పని జేస్తరని.
మోలాబీ నా దిక్కు చూసింది.
నేను నా చేతుల దిక్కు చూసుకున్న.

ధర్మాబాదు స్టేషను వెనక గల్లీలల్ల
ఏ ఇంట్ల పెండ్లయినా పరుపు నాదే.
తాత ఏకిండు, నాయిన ఏకిండు,
నారి గుంయ్‌మంటే చాలు
ఏండ్లకేండ్లు నలిగి గడ్డకట్టిన దూది
పాలపొంగోలె లేచేది.
పరుపు విప్పితే ఇంటి గుట్టు నాకు తెలుస్తది:
పసిపిల్లల మరకలు, దాచి మరిచిన పదినోట్లు,
ఒకసారి, నాలుగు మడతల ఉత్తరం
(చదవలే, మళ్ల లోపలే పెట్టి కుట్టిన).
తెల్వనిదల్లా ఒక్కటే.
రెప్పల మీద, మీసాల మీద
రోజూ నేను ఇంటికి మోసుకొచ్చిన తెలుపు
నా తహెరా ఛాతీల పిల్లిని పెంచుతున్నదని.
ఆ పిల్లికూతలు విని రాత్రుల్ల
వీధిపిల్లేమోనని కిటికీ మూసినోణ్ణి నేనే.

ఆదివారం. మిర్చి బజారు బందు,
గాలికి ఘాటు లేని రోజు అదొక్కటే.
మంచం కింది ట్రంకుపెట్టె గుంజితే
పెట్టె చుట్టూ దుమ్ము గట్టుకట్టి ఉంది.
ఫ్యాను రెక్కలకు మసి మీసాలు.
మోరీ దిక్కు గోడకు నల్లచెమ్మ,
గీకి గీకి సున్నం కొట్టినం.
బీరువా మీద మా పెండ్లినాటి ప్లాస్టిక్ పూలు.
నేను ఎరుపన్న, ఆమె గులాబీ అన్నది,
కడిగితే పసుపు.
పెద్దగంజుల దుప్పట్లు కుతకుత ఉడికినయి.
పక్కింటి పండరి తొంగిచూసి
"దావతా?" అన్నడు.

తడిబట్ట పని నాకు రాదు.
ఏకేటోని చెయ్యి పైకి ఎగరేస్తది,
తుడిచేటోని చెయ్యి కిందికి అదమాలె.
మూడు తరాల చెయ్యి
ఒక్క ఆదివారానికి వంగుతదా?
"దులుపుతున్నవ్, తుడుస్తలెవ్,"
మోలాబీ బట్ట గుంజుకున్నది, పిండి మళ్ల ఇచ్చింది.
పిండిన నీళ్లల్ల ఏముందో
నాకంటె బాగ ఎవరికెరుక.

గోడ మీద విల్లు ఒక్కటి మిగిలింది.
దించుతుంటే నారి తనంతట తానే మూల్గింది.
మిషన్లొచ్చినా దాన్ని అమ్మలే నేను,
కిరాయి కట్టలేని నెల కూడా.
ఇప్పుడది బయట, రేకుల కింద,
టైరు లేని సైకిలు పక్కన.
గాలి గట్టిగొస్తే
ఎవరూ కొట్టకుండనే ఒక్క మాట అంటది.

పొద్దుగూకి నేనొచ్చేసరికి
గడప బయట బకెట్టు, సబ్బు, ఉతికిన లుంగీ.
చుట్టమోలె కాళ్లు కడుక్కుంటున్న,
మీసం కడుక్కుంటున్న,
అడిగి లోపలికొస్తున్న నా ఇంట్లకు.

పిల్లి పోలే ఇంకా.
మూడో రాత్రికి గొంతు దిగి
గడప దాకా పోయి కూసున్నట్టున్నది.
పంపు దిండు పక్కనే ఉంది,
జిప్పు కవరు దిండు, అటిటు దొర్లితే చప్పుడు చేస్తది.
రేపు బిలోలిల పెండ్లి పరుపు, పన్నెండు కిలోలు,
కొత్త దూది, మెత్తగుండాలన్నరు.

చాప మీద పక్కన ఒరిగిన.
తహెరా నా మెడకాడ ముక్కు పెట్టి
ఒకసారి పీల్చింది, మళ్ల పీల్చింది,
దగ్గు రాలే.
"నాయినా, నీ వాసనేది?" అన్నది.

చీకట్ల నా చేతులు నేను వాసన చూసుకున్న.
సబ్బు.
ఎవరి చేతులో అనిపించింది.