పదహారో వారం

జెనిత్సా ఆసుపత్రి, రెండో అంతస్తు.
కారిడార్ ఇరవై మీటర్లు.
రెండు చివర్లా పసుపు టేపు నేనే అంటించాను.
రెండు నిమిషాల్లో ఎంత దూరమో కొలవడం నా పని,
గడియారం నొక్కి, నోరు మెదపకుండా
వెనకాలే నడవడం.

ఫెహీమ్ నడుస్తూ మాట్లాడేస్తాడు.
మాట్లాడకూడదని నిబంధన.

కకాన్ బొగ్గు గనిలో పైకప్పు కూలి
తొడ సగం దాకా పోయి ముప్పై ఏళ్ళు.
కాగితాల్లో ఆయన ఏడో నంబరు.
ఎనిమిది వారాలు తన పాత మోకాలు,
ఎనిమిది వారాలు కొత్తది: లోపల చిప్పు,
రాత్రిళ్ళు ఫోను పక్కనే చార్జింగు.

తేడా నాలుగు మీటర్లు.
"లెక్కలోకి రాదు" అన్నారు డాక్టర్ సెన్కా
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి.

పడిన సార్లు: పాతదానితో ఆరు, కొత్తదానితో ఒకటి.
"ఆ ఒక్కటీ మోకాలి తప్పు కాదు,
ప్లమ్ సారాది. రాసుకో."

తృప్తి, సున్నా నుంచి పది దాకా?

చాలాసేపు గోడకేసి చూశాడు.
"మా తోట వాలు మీద.
ముప్పై ఏళ్ళుగా దిగుతున్నాను, నేలే చూస్తూ.
ఏ రాయి, ఏ వేరు, ఎక్కడ బురద, అన్నీ కంఠతా.
మొన్న రసెమాతో ఏదో వాదిస్తూ దిగాను.
వాగు దాకా వచ్చాక తెలిసింది
దారంతా ఆమె మొహమే చూస్తూ వచ్చానని.
ముసలిదైపోయింది.
నాకెవరూ చెప్పలేదు."

దానికి నా ఫారంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను.
అంచులు కంప్యూటర్లోకి ఎక్కవు.

పదహారో వారం. మోకాలు అరువుది,
ఒప్పందం మూడో పేజీలో ఉంది, కింద ఆయన సంతకం.
బల్ల మీద కూర్చుని తనే విప్పి ఇచ్చాడు,
చార్జరు తీగ చక్కగా చుట్ట చుట్టి మరీ,
పెళ్ళికని అడిగి తెచ్చుకున్న కోటు
ఉతికి తిరిగిచ్చినట్టు.

పాతది తగిలించుకున్నాడు. టక్కుమంది.
టేపు దాటి, తలుపు దాటి, మెట్ల దగ్గర
తల వంచాడు.
రసెమా పక్కనుంచి ఏదో అడిగింది.
"ఉండు," అన్నాడు, "దిగనీ."

నివేదిక ఇంకా మొదలే కాలేదు.
చివరి వాక్యం మాత్రం ముందే టైపు చేసి ఉంది:
మరింత పరిశోధన అవసరం.

మోకాలిని పెట్టెలో, స్పాంజి గుంటలో పడుకోబెట్టి
మూత మీద ఏడు కొట్టేసి
ఎనిమిది రాశాను.