గేట్లు మూసిన నెల

ఈదమ్మకు సముద్రం చూపిస్తనని
పోయిన వానకాలం నోరు జారిన.
అంగన్‌వాడీ జీతానికి సముద్రం శానా దూరం.
పేరులనన్న సాగరం ఉన్నది గదా అని
ఫాల్గుణంల ఒక ఆదివారం
మల్లేపల్లి కాడ బస్సెక్కినం, టీచర్ని నేను, ఆయా తను.

బస్సుల ఏడుగురం.
తొవ్వ పొడుగునా మోదుగులు
ఆకంత ఇడిచి, ఒంటినిండ నిప్పు కప్పుకొని నిలబడ్డయి.
"ఇప్పుడేమున్నదమ్మా ఆడ?" కండక్టరు నవ్విండు,
"గేట్లెత్తినప్పుడు పోవాలె గాని."
"గేట్లెత్తితే జనమే కనపడుతరు బిడ్డా,
నీళ్లేడ కనపడుతయి" అన్నది ఈదమ్మ.

ఐస్‌క్రీం బండి మీద గోనెపట్ట.
ఫోటోలు దిగనీకి కట్టిన ఎర్ర గుండె బొమ్మల
ఒక మేక నిలబడి నెమరేస్తున్నది.
లాడ్జి వరండాల పరుపులు ఎండకేసిండ్రు.
గేటుకు వేలాడే "రూములు లేవు" అట్టముక్కను
ఆగస్టు నుంచి ఎవరూ తియ్యలే,
అన్ని రూములూ ఖాళీనే.

నీళ్లు దిగిపోయిన కొండకు
నడుము దాక తెల్లటి గీత,
మొలతాడు తీసేసిన తావుల
మిగిలిన మచ్చ లెక్క.

"ఇరవై మందైతేనే లాంచీ కదుల్తది"
దస్తగిరి వేళ్లు చూపి మరీ చెప్పిండు.
కూసున్నం.
ఒక జంట వచ్చింది, నలుగురమైనం.
ఎండ చూసి వాళ్లు మర్లిపోయిండ్రు,
మళ్ల ఇద్దరమే.
పిల్లలకు పరీక్షలు, పెద్దలకు కోతలు,
ఈ నెలల నీళ్లను చూడొచ్చేదెవరు?

చేపలు కాల్చే నూకాలుది భీమిలి దిక్కు.
"సముద్రం ఎట్లుంటది చెల్లె?" అడిగింది ఈదమ్మ.
నూకాలు చేపను తిరగేసింది,
కొద్దిగ నూనె పోసింది, అప్పుడు చెప్పింది:
"రేత్రంతా అరుస్తాదమ్మా.
ఈడకొచ్చిన కొత్తల్లో నాకు నిద్దరట్టేది కాదు.
ఈ నీరు నోరిప్పదు."

మూడు గొట్టంగ దస్తగిరే పిలిచిండు,
"కట్టేసున్న దాంట్లనే కూసోండ్రి, పైసలొద్దు."
ఈదమ్మ మోకాళ్లు ఎనిమిదో ఏటనే వంకరపోయినయి.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన
బొక్కలు అట్లనే ఉంటయి.
ఒక రెక్క నేను, ఒక రెక్క నూకాలు పట్టి ఎక్కించినం.
లైఫ్ జాకెట్ అడిగి మరీ తొడుక్కున్నది,
పెండ్లి రైక తొడిగినంత పైలంగ.

తాడు కొసకు లాంచీ
జానెడు అటు, జానెడు ఇటు.
రెండు చేతుల్తోటి కడ్డీ పట్టుకొని
కండ్లు మూసుకున్నది.
"ఎంత దూరమొచ్చినం టీచరమ్మా?"
"శానా దూరం" అన్న.
ఒడ్డున నూకాలు మూకుడు తోముతున్న సప్పుడు.

కొంచెం సేపటికి
వంగి, దోసిట్ల నీళ్లు తీస్కొని
ఉప్పుంటదేమోనని నాలికె కొసకు ఆనించింది.
ఇంకో గుక్క తాగింది.
నా మొకం దిక్కు చూసింది.

"ఇది మా నల్లా నీళ్లే!"

దినం తప్పి దినం వచ్చేవి,
మనుమరాలి మోకాళ్లను సక్కగ నిలబెట్టినవి,
మీటరు తిప్పినట్టు అరగంటకే బందైతయని
తను తిట్టేవి.
ఇంటికాన్నుంచి తెచ్చిన సీసల
రెండు గుక్కలు మిగిలినయి,
మూత తీసి సాగర్ల ఒంపింది.
నేనేం అడగలే.

బస్సుల నిద్రపోయింది.
జాకెట్ నాడాలు ఒరుసుకున్న గీత
మెడ మీద ఎర్రగ ఉన్నది.

సోమారం పొద్దుగాల
సెంటర్ ముంగట నల్లా ఇడిసిండ్రు.
బిందె పెట్టకుంట
ధార కింద చెయ్యి పెట్టి నిలబడ్డది ఈదమ్మ.
ఎనక లైన్ల ఆడోళ్లు ఒకటే లొల్లి.

"జర ఆగుండ్రి" అన్నది,
"ఇప్పుడే దిగినయి."